మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం: డబ్బు కన్నా తోడు విలువ ఎక్కువైన చోటు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు పదకొండో తరగతికి వచ్చేసరికి విశ్వవిద్యాలయాల జాబితా ఒకటి ఇంట్లో తిరగడం మొదలవుతుంది. ఆ జాబితాలో బాల్టిమోర్ ప్రస్తావన వస్తే అది దాదాపు ఎప్పుడూ జాన్స్ హాప్‌కిన్స్ గురించే అయి ఉంటుంది. అదే నగరం శివార్లలో, కేటన్స్‌విల్ దగ్గర, 1966లో మొదలైన యూఎంబీసీ (యూనివర్సిటీ ఆఫ్ మేరీలాండ్, బాల్టిమోర్ కౌంటీ) అనే ప్రభుత్వ విశ్వవిద్యాలయం మనవాళ్లకు తెలియనిదేమీ కాదు. అయితే మన దేశం నుంచి మాస్టర్స్ చేయడానికి వచ్చే పిల్లల చిరునామాగానే ఎక్కువ మందికి తెలుసు. జీవవైద్య పరిశోధనలోకి నల్లజాతి విద్యార్థులను, ఆ రంగంలో అరుదుగా కనిపించే ఇతర వర్గాల విద్యార్థులను తీసుకురావడంలో దేశమంతా ఉదాహరణగా చెప్పుకునే డిగ్రీ స్థాయి కార్యక్రమం అక్కడే నడుస్తోందని చెబితే ఆశ్చర్యపోయేవారే ఎక్కువ. దాని పేరు మేయర్‌హాఫ్ స్కాలర్స్ ప్రోగ్రామ్.

నేను అందులో చదవలేదు. ఒక ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పనిచేస్తూ, వేసవిలో పది వారాల కోసం వచ్చే డిగ్రీ విద్యార్థులకు పిపెట్ పట్టుకోవడం దగ్గర నుంచి పోస్టర్ సిద్ధం చేయడం దాకా నేర్పే బాధ్యత నా మీద పడుతూ వచ్చింది కాబట్టి, రకరకాల శిక్షణ కార్యక్రమాల నుంచి వచ్చిన పిల్లలను పక్కపక్కన చూసే వీలు కలిగింది. వంట రుచి తెలిసినవారు వంటింటి గురించి చెప్పడం వంటిది ఈ సమీక్ష. అందులో ఉండే లోపం ఇందులోనూ ఉంటుంది.

కార్యక్రమం పుట్టుక గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే దాని నడక అంతా ఆ పుట్టుకలోనే ఉంది. బాల్టిమోర్‌కు చెందిన దాతలు రాబర్ట్, జేన్ మేయర్‌హాఫ్ దంపతులు 1988లో ఇచ్చిన ఐదు లక్షల డాలర్ల విరాళంతో ఇది ఆరంభమైంది. నల్లజాతి యువకులను వార్తలు చూపించే తీరు రాబర్ట్ మేయర్‌హాఫ్‌ను కలవరపెట్టింది, వారి కోసం ఏదైనా చేయాలనుకున్నారు. అప్పటికి యూఎంబీసీలో వైస్ ప్రొవోస్ట్ అనే పాలనా పదవిలో కొత్తగా చేరిన గణితవేత్త ఫ్రీమన్ హ్రబౌస్కీకి ఆయన తారసపడ్డారు. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన హ్రబౌస్కీ, 1963లో జాతి వివక్షకు వ్యతిరేకంగా పిల్లలు జరిపిన ఊరేగింపులో పన్నెండేళ్ల వయసులో పాల్గొని జైలుకు వెళ్లినవాడు. 1992 నుంచి 2022 వరకు ఆ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. 1989లో చేరిన మొదటి జట్టులో 19 మంది ఉన్నారు, అందరూ నల్లజాతి అబ్బాయిలే. మరుసటి ఏడాది నుంచి అమ్మాయిలకూ ప్రవేశం లభించింది. పొరుగున ఉన్న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులకు మాత్రమే కేటాయించిన ఒక ఉపకార వేతనాన్ని 1994లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కొట్టివేసిన తరువాత, ఈ కార్యక్రమం కూడా 1996 నుంచి అన్ని జాతుల వారికీ తలుపు తెరిచింది.

ఇలాంటి ప్రత్యేక శిక్షణ అసలు ఎందుకని అడిగేవారు మన ఇళ్లలోనూ ఉంటారు. ప్రతిభ ఉంటే ఎవరైనా పైకి వస్తారన్నది వారి వాదన. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, అంటే ఎన్‌ఐహెచ్, ఇచ్చే ప్రధాన పరిశోధన గ్రాంట్లు నల్లజాతి శాస్త్రజ్ఞులకు దక్కే అవకాశం, చదువు, శిక్షణ, ప్రచురణల వంటివి లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, తెల్లజాతి వారికన్నా 10 శాతం పాయింట్లు తక్కువగా ఉందని చూపింది. ఈ వెలితి ఉద్యోగాల దగ్గరే ఆగిపోదు. కోవిడ్ కాలంలో మన ఇళ్లలో కూడా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటర్, నల్లని చర్మం గల రోగుల్లో ఆక్సిజన్ పడిపోవడాన్ని తెల్లవారిలో కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువ సార్లు కనిపెట్టలేకపోయిందని 2020 డిసెంబరులో వైద్యులు ప్రచురించారు. ఆ పరికరాన్ని తయారుచేసే గదిలో, పరీక్షించే గదిలో ఎవరెవరు కూర్చున్నారన్న ప్రశ్నను ఆ ఫలితం చదివినవారు తప్పించుకోలేరు.

ఇక అసలు సేవ గురించి. డిగ్రీ తరగతులు మొదలు కావడానికి ముందు వేసవిలో, చేరబోయే విద్యార్థులంతా ఆరు వారాల పాటు ప్రాంగణంలోనే ఉండాలి. దీన్ని సమ్మర్ బ్రిడ్జ్ అంటారు. గణితం, విజ్ఞానశాస్త్రం, మానవీయ శాస్త్రాల పాఠాలు అందులో ఉంటాయి గానీ, పాఠాలు అక్కడి ప్రధాన విషయం కాదు. పిల్లల దినచర్య నిమిషాల లెక్కన సాగుతుంది, ఫోన్ల వాడకం మీద ఆంక్షలుంటాయి, ఎక్కడికి వెళ్లినా జట్టుగా వెళ్లాలి, ఒకరు ఆలస్యమైతే అది జట్టు మొత్తం ఆలస్యమైనట్లే లెక్క. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కళాశాలలో ఉదయం ఐదింటికి స్టడీ అవర్ గంట విన్నవారికి ఈ వర్ణన కొత్తగా అనిపించదు, కొందరికి చేదు జ్ఞాపకాలు కూడా రావచ్చు. తేడా ఆ క్రమశిక్షణ ఎటు చూపిస్తుందన్న దానిలో ఉంది. మన దగ్గర ఒకే గదిలో పడుకునే ఇద్దరు కుర్రాళ్లు వారాంతపు పరీక్షలో ఒకరినొకరు దాటాలి. నోట్సు దిండు కింద దాచుకోవడం అక్కడ తెలివితేటలలో భాగం. ఇక్కడ పక్కవాడు ఫెయిలైతే నీ బాధ్యత ఏమిటని అడుగుతారు. మొదటి తరగతిలో అటూ ఇటూ చూడండి, మీలో ఒకరు చివరి దాకా మిగలరని హెచ్చరించే పాత అమెరికా అలవాటును హ్రబౌస్కీ తలకిందులు చేసి, అటూ ఇటూ ఉన్నవారితో కలిసే పట్టా పుచ్చుకోవాలని చెప్పేవాడని చాలా చోట్ల వివరించాడు.

ప్రతి ఏటి జట్టుకూ ఒక సంఖ్య ఉంటుంది. 1989లో చేరినవారు ఎమ్-1, 2004లో చేరినవారు ఎమ్-16, అలా. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, ఇక్కడి విద్యార్థి తనను తాను పరిచయం చేసుకునేటప్పుడు పేరు తరువాత ఆ సంఖ్యే చెబుతాడు, మనం ఊరి పేరు చెప్పినట్లు. ఆ సంఖ్యలో ముందున్నవారు అన్నలూ అక్కలూ అవుతారు. వారిలో ఎవరో ఒకరు వైద్య కళాశాలలోనో, హార్వర్డ్ ప్రయోగశాలలోనో ఉంటారు, ఫోన్ చేస్తే పలుకుతారు.

ఇందులో ఎంత పసుందో నాకు తెలిసినది ఒక ప్రయోగం చెడిపోయిన రోజున. ఒక వేసవిలో మా దగ్గర ఇద్దరు విద్యార్థులుండేవారు. ఒకరు ఒక పెద్ద పేరున్న కళాశాల నుంచి సొంతంగా దరఖాస్తు పెట్టుకుని వచ్చారు, మరొకరు మేయర్‌హాఫ్ జట్టు నుంచి వచ్చారు. మొదటి విద్యార్థి చురుకైనవాడే, నాలుగు రోజుల్లో ప్రోటోకాల్ కంఠతా పట్టేశాడు. కానీ మూడు వారాలుగా ప్రోటీన్లను గుర్తించే తన వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో, అది సరిగా జరిగిందని చెప్పే కంట్రోల్ గీత రావడం లేదన్న సంగతి ల్యాబ్ మీటింగ్ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు, చెబితే చేతకానివాడినని అనుకుంటారని భయం. ఇలాంటి ఒంటికాయ శొంఠికొమ్ములను నేను చాలామందిని చూశాను, ఒకప్పుడు నేనూ అదే కోవకు చెందినదాన్ని. మేయర్‌హాఫ్ అమ్మాయికి అదే సమస్య వచ్చినప్పుడు మధ్యాహ్నానికల్లా ముగ్గురిని అడిగింది, సాయంత్రానికి వేరే ప్రయోగశాలలో పనిచేస్తున్న తన జట్టువాడిని పిలుచుకొచ్చి యాంటీబాడీ పాతబడిందని తేల్చింది. ఆమె ల్యాబ్ నోట్‌బుక్ చూస్తే, తాను లేని రోజున మరొకరు తెరిచి ఆ పనిని అక్కడి నుంచి కొనసాగించేలా రాసి ఉండేది. ఈ రెండింటినీ నేర్పడానికి నాకు మామూలుగా ఒక వేసవి పడుతుంది, అదీ విద్యార్థి మంచివాడైతే. ఆమె నేర్చుకునే వచ్చింది.

సహాయం అడగడం అవమానం కాదని నేర్పడమే ఈ కార్యక్రమం అమ్మే అసలు సరుకని నా అభిప్రాయం. ఉపకార వేతనాలు చాలా చోట్ల దొరుకుతాయి, వేసవి శిక్షణలూ దొరుకుతాయి. ఒక గదిలో తన రంగువాడు తాను ఒక్కడే అయినప్పుడు, చేసిన ప్రతి తప్పూ తన జాతి మొత్తం ఖాతాలో పడుతుందన్న భయంతో నోరు మూసుకునే విద్యార్థికి, పాతికమందో యాభైమందో తనలాంటి వారు అదే తప్పు చేస్తూ, అడుగుతూ, దిద్దుకుంటూ కనిపించడం వేరే ఎక్కడా అంత సులువుగా దొరకదు. విశ్వవిద్యాలయం కూడా ఆ పాఠాన్ని కొంత తన ఒంటికి పట్టించుకుంది. మొదటి ఏడాది రసాయనశాస్త్రంలో ఫెయిలయ్యేవారు ఎక్కువగా ఉండటంతో 2005లో డిస్కవరీ సెంటర్ పేరుతో ఒక గదిని పెట్టి, చిన్న బృందాలుగా కూర్చోబెట్టి ప్రతి ఒక్కరికీ ఒక పాత్ర అప్పగించి లెక్కలు చేయించడం మొదలుపెట్టారు. ఉత్తీర్ణత పెరిగింది, ఆ పద్ధతి మేయర్‌హాఫ్ పిల్లలకే కాక అందరికీ అందింది.

పరిశోధన అనుభవం మొదటి ఏడాది నుంచే మొదలవుతుంది, వేసవుల్లో బయటి ప్రయోగశాలలకు పంపుతారు, ప్రతి ఒక్కరికీ సలహాదారులుంటారు, తల్లిదండ్రులకూ ఒక సంఘం ఉంటుంది. ఆ ప్రాంగణంలోనే హెచ్‌ఐవీ వైరస్ నిర్మాణం మీద పనిచేసే మైకేల్ సమ్మర్స్ ప్రయోగశాల డిగ్రీ విద్యార్థులకు నిజమైన పని అప్పగించడంలో పేరు పొందింది. ఈ బాట గుండా వెళ్లినవారిలో అందరికీ తెలిసిన పేరు కిజ్‌మికియా కార్బెట్. ఎమ్-16 జట్టులో చదివి, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి, 2014లో ఎన్‌ఐహెచ్ టీకా పరిశోధన కేంద్రంలో చేరిన ఆమె, కరోనావైరస్ ఉపరితల ప్రోటీన్ మీద ముందు నుంచే తన బృందంతో చేసిన పని వల్లే 2020 జనవరిలో వైరస్ జన్యుక్రమం బయటపడ్డాక మోడెర్నా సంస్థతో కలిసి రూపొందించిన టీకా మార్చి 16కల్లా మనుషుల మీద పరీక్షకు చేరగలిగింది. అమెరికా సర్జన్ జనరల్‌గా 2017 నుంచి 2021 వరకు పనిచేసిన జెరోమ్ ఆడమ్స్, మెదడు పరిశోధకుడు కఫూయీ జిరాసా కూడా ఈ బడి పిల్లలే.

పెద్ద పేర్లను చూపించి ఏ సంస్థనైనా పొగడవచ్చు, మన కార్పొరేట్ కళాశాలల ర్యాంకుల హోర్డింగుల సంగతి మనకు తెలియనిది కాదు. అందువల్ల నేను ఎక్కువ విలువ ఇచ్చేది వేరే లెక్కకు. ఇక్కడ సీటు ఇస్తామన్నా వద్దనుకుని వేరే విశ్వవిద్యాలయాలకు వెళ్లిన విద్యార్థుల జాడను కూడా కార్యక్రమాన్ని అంచనా వేసే పరిశోధకులు ఏళ్ల తరబడి తీశారు. ఇద్దరూ ఒకే వడపోతలో గెలిచినవారే కాబట్టి పోలికకు అర్థం ఉంది. చేరినవారు విజ్ఞానశాస్త్రంలో పీహెచ్‌డీ లేదా వైద్యం, పరిశోధన కలిపి చదివే ఎమ్‌డీ-పీహెచ్‌డీ వైపు వెళ్లడం, వద్దనుకున్నవారితో పోలిస్తే సుమారు ఐదు రెట్లు ఎక్కువగా తేలింది. 2022 నాటికే ఇక్కడి పూర్వ విద్యార్థుల్లో 350 మందికి పైగా పీహెచ్‌డీ పూర్తిచేశారు. వద్దని వెళ్లినవారిలో కొందరికి ముందు నుంచే వైద్యవృత్తి మీదే మనసు ఉండి ఉండవచ్చన్న అనుమానం ఈ లెక్కలో మిగిలే ఉంటుంది, అయినా ఐదు రెట్ల తేడాను అదొక్కటే మింగేయలేదు. పెన్ స్టేట్‌లోనూ నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలోనూ ఇదే పద్ధతిని 2013 నుంచి నాటారు. తొలి జట్ల చదువు అసలు మేయర్‌హాఫ్ జట్లకు దీటుగా ఉందని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన నివేదిక చెప్పింది. హ్రబౌస్కీ ఒక్కడి ఆకర్షణతోనే ఇదంతా నడిచిందన్న మాటకు అది గట్టి జవాబు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ, శాన్ డియేగో ప్రాంగణాలకు కూడా ఆ ఏడాదే నారు వెళ్లింది.

లోపాలు లేకపోలేదు. మొదటిది, ఇది అప్పటికే బాగా చదివే పిల్లల కోసం. ఉన్నత పాఠశాలలో గణితం, విజ్ఞానశాస్త్రాల్లో మంచి గ్రేడ్లు లేనివారు వడపోతలోనే ఆగిపోతారు, చేరాక కూడా బి సగటు నిలబెట్టుకోవాలి. పేదరికం వల్ల మంచి బడి దొరకని పిల్లవాడికి, పగలంతా ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్ల కోర్సులుండే కమ్యూనిటీ కాలేజీలో చదివే ఇరవై ఆరేళ్ల తల్లికి ఇది పనికిరాదు. నా దగ్గర పనిచేసినవారిలో అందరికన్నా గొప్ప చేయి తిరిగిన మనిషి అటువంటి తల్లే. ఆమె వచ్చింది కమ్యూనిటీ కాలేజీల నుంచి విద్యార్థులను పైకి తెచ్చే వేరే పథకం ద్వారా. రెండోది, పీహెచ్‌డీ చేయడమే గెలుపన్న కొలత. బడిలో విజ్ఞానశాస్త్రం చెప్పాలనుకునే విద్యార్థి ఆ వాతావరణంలో ఏదో తగ్గినట్లు ముడుచుకుపోవడం నేను చూశాను. మూడోది క్రమశిక్షణ. కొందరికి అది ఊతం, కొందరికి ఊపిరాడనివ్వని దుప్పటి. ప్రతి పనీ జట్టుతో చేయాలన్న నియమం, ఏకాంతంలో ఆలోచించే స్వభావం గలవారిని అలసిపోయేలా చేస్తుంది, పరిశోధనకు అలాంటివారు కూడా కావాలి కదా.

తెలుగు తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న, మన పిల్లలు అర్హులేనా అని. ఎన్‌ఐహెచ్ తన శిక్షణ గ్రాంట్లకు వాడిన నిర్వచనం ప్రకారం పరిశోధనలో తక్కువ సంఖ్యలో ఉన్న జాతుల్లో ఆసియా సంతతివారు ఉండేవారు కాదు. వైకల్యం గలవారు, పేద నేపథ్యం నుంచి వచ్చి కుటుంబంలో మొదటిసారి కళాశాల మెట్లెక్కినవారు వంటి వర్గాలకూ ఆ నిర్వచనంలో చోటుండేది కాబట్టి కొందరికి ఆ దారి ఉండేది. మేయర్‌హాఫ్‌కు మాత్రం జాతి అడ్డు కాదు. అన్ని వర్గాలవారూ పరిశోధనలోకి రావాలన్న లక్ష్యం మీద నమ్మకం, ఆ దిశగా చేసిన పని చూపించగలిగితే ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు, ఆసియా పిల్లలు చేరుతున్నారు కూడా. ఇక్కడ ఒక హెచ్చరిక. దరఖాస్తులో సేవాభావం చూపించడం కోసం పన్నెండో తరగతిలో హడావిడిగా నాలుగు శనివారాలు ఫుడ్ బ్యాంకులో ఫొటోలు దిగి వెళితే, కుటుంబంతో సహా ప్రాంగణానికి పిలిచి జరిపే ఎంపిక వారాంతంలో అది ఇట్టే బయటపడుతుంది.

జాతి కన్నా గట్టి గోడ వేరే ఉంది. దరఖాస్తుదారు అమెరికా పౌరుడో శాశ్వత నివాసియో అయి ఉండాలి. హెచ్-1బీ వీసా మీద వచ్చిన తెలుగు దంపతుల పిల్లలు, మూడేళ్ల వయసులో ఇక్కడికి వచ్చి ఇక్కడి బడుల్లోనే పెరిగినా, గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడి ఉన్న హెచ్-4 అనే ఆశ్రిత వీసా మీద ఉన్నవారైతే, ఈ తలుపు వారికి తెరుచుకోదు. పైగా ఇరవై ఒకటో ఏట ఆ వీసా హోదా కూడా పోతుంది. తక్కువ ప్రాతినిధ్యం గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించే వ్యవస్థలో ఈ పిల్లలు ఏ గడిలోనూ ఇమడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. అది విశ్వవిద్యాలయం తప్పు కాదు, ఫెడరల్ డబ్బుకు ముడిపడిన నిబంధన.

ఆ ఫెడరల్ డబ్బే ఇప్పుడు అసలు బెంగ. ఈ ప్రాంగణంలో చాలామంది మేయర్‌హాఫ్ విద్యార్థుల ప్రయోగశాల కాలానికి ఖర్చు భరించింది మార్క్, యూ-రైజ్ పేర్లతో ఎన్‌ఐహెచ్ ఇస్తూ వచ్చిన శిక్షణ గ్రాంట్లు. 2025లో ఎన్‌ఐహెచ్ ఆ పథకాలను నిలిపివేసింది, బెథెస్డాలోని తన సొంత ప్రయోగశాలల్లో ఏటా నడిపే వేసవి ఇంటర్న్‌షిప్‌ను కూడా ఆ ఏడాది జరపలేదు. దాతల నిధి ఉన్న మేయర్‌హాఫ్ ఈ దెబ్బను కొంతైనా తట్టుకుంటుంది. అంత వెనుక బలం లేని చిన్న కళాశాలల్లో పది మందికో పదిహేను మందికో నడిచిన కార్యక్రమాల గతి వేరు. మా దగ్గరికి వేసవిలో వచ్చే దరఖాస్తుల్లో ఆ కళాశాలల పేర్లు కనిపించడం తగ్గింది. అందువల్ల ఎవరైనా ఏ శిక్షణ కార్యక్రమంలోనైనా చేరే ముందు, నాలుగేళ్ల డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, గ్రాంట్ ఆగిపోతే వేతనం ఎవరు ఇస్తారో రాతపూర్వకంగా అడగాలి. ఇది ఇంతకు ముందు అడగనవసరం లేని ప్రశ్న.

ఒక పక్కమాట. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల పాఠశాల నుంచి నేటి సాంఘిక సంక్షేమ గురుకులాల దాకా, పేద, దళిత, గిరిజన పిల్లలను ఒకచోట ఉంచి చదివించే అనుభవం తెలుగు నేల మీద అర శతాబ్దానికి పైగా ఉంది. ఆ పిల్లలు ఐఐటీలకూ వైద్య కళాశాలలకూ వెళుతున్నారు. హైదరాబాదులో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎమ్‌బీ వంటి ప్రయోగశాల ఉండగా, గురుకులం గేటు నుంచి ఆ ప్రయోగశాల బెంచ్ దాకా జట్టుగా నడిపించే ఆరు వారాల వంతెన వేయడానికి కావలసిన రాళ్లన్నీ అక్కడే పడి ఉన్నాయని, మేయర్‌హాఫ్‌ను చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

మా పరిచయస్తుల అమ్మాయి ఒకరు ఈ ఏడాది పన్నెండో తరగతిలో ఉంది, గ్రీన్ కార్డు వచ్చింది, ఇటు యూఎంబీసీకీ అటు పెద్ద పేరున్న మరో రెండు విశ్వవిద్యాలయాలకూ దరఖాస్తులు పెట్టబోతోంది. తండ్రికి ర్యాంకుల పట్టిక మీదే కన్ను. డాక్టరు కావడమే లక్ష్యమైతే ఎక్కడైనా ఫరవాలేదని, పరిశోధనే కావాలనుకుంటే ఎంపిక వారాంతానికి తప్పకుండా వెళ్లమని చెప్పాను. వెళ్లినప్పుడు భవనాలను చూడవద్దని, భోజనాల బల్ల దగ్గర కూర్చుని రెండో ఏడాది విద్యార్థులను ఒకే ప్రశ్న అడగమన్నాను: మొదటి సెమిస్టరులో ఏ సబ్జెక్టులో తడబడ్డారు, ఆ రాత్రి ఎవరి గది తలుపు తట్టారు?